ఒకటో నంబరు బిళ్ళ

పదిహేడో నంబరు బిళ్ళ మీద నల్లటి మరక ఎంత తోమినా పోదు. లక్ష్మీకుమారి చింతపండు గుజ్జు మరికొంచెం తీసుకుని బొటనవేలితో రుద్దింది. చుట్టూ ఇత్తడి తళతళలాడింది. మరక మాత్రం అలాగే ఉంది. అది నూనె మరక కాదు, చెమట మరక. ఆ బిళ్ళ చినబాబుది. వాడికి బిళ్ళను జేబులో వేసుకోవడం తెలియదు. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడల్లా పిడికిట్లో పెట్టుకుని తిరుగుతాడు.

ఉదయం ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. నందిని రోడ్డు పక్కనున్న ఆ షెడ్డులో ఇనుప కడ్డీలు తయారవుతాయి. ఏప్రిల్ నెలలో అక్కడ సూర్యుడి కన్నా ముందే వేడి నిద్ర లేస్తుంది. టోకెన్ రూములో ఒక ఫ్యాను ఉంది. అది తిరుగుతుంది గాని గాలి ఇవ్వదు. లక్ష్మీకుమారి చీర మీద తొడుక్కున్న మగవాళ్ళ ఖాకీ చొక్కా వీపు దగ్గర అప్పుడే తడిసింది. ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. సన్నటి మనిషి. కళ్ళద్దాల ఒక కాడ విరిగిపోతే దారంతో చెవికి కట్టుకుంది. మెడలో నల్లపూసలు, చేతులకు చెరొక గాజు.

మొత్తం నలభై రెండు బిళ్ళలు. షెడ్డులో పనిచేసే ప్రతి మనిషికీ ఒకటి. షెడ్డు నేల కింద సెల్లార్ ఉంది. మిల్లును నడిపే నూనె పంపులు అందులో ఉంటాయి. ఏ పని మీదనైనా సెల్లార్‌లోకి దిగేవాడు తన బిళ్ళను బోర్డు మీద ఎర్రగీత కింది మేకుకు తగిలించి దిగాలి. పైకి వచ్చాక తన చేత్తోనే తీసుకోవాలి. ఒకరి బిళ్ళ మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఎర్రగీత కింద ఒక్క బిళ్ళ ఉన్నా సరే, పంపు స్విచ్చు తాళంచెవి డబ్బాలోంచి బయటికి రాకూడదు. బోర్డు నెత్తిన ఎప్పుడో ఒక పెయింటరు హిందీలో రాసిన మాటలు సగం చెరిగిపోయాయి. బిళ్ళ వేలాడుతోందంటే మనిషి లోపల ఉన్నాడని దాని అర్థం.

ఒకటో నంబరు బిళ్ళ లక్ష్మీకుమారిదే. రాగానే దాన్ని బోర్డు పైమూల తగిలిస్తుంది, వెళ్ళేటప్పుడు తీసి ట్రేలో పెడుతుంది. పద్దెనిమిదేళ్ళలో ఆ బిళ్ళ ఎర్రగీత దాటి కిందికి రాలేదు. సెల్లార్‌లోకి దిగే పని ఆమెకు ఎప్పుడూ పడలేదు.

బోర్డు పక్కనే గోడకు ఒక కాగితం అంటించి ఉంది. నెలాఖరు నుంచి టోకెన్ రూము ఉండదని, లోపలికీ బయటికీ తిరిగే మనుషులను పన్నెండు కెమెరాలు చూసుకుంటాయని దాని సారాంశం. ఆ కాగితం ఒక మూల ఊడి కిటికీ గాలికి కొట్టుకుంటూ ఉంటే లక్ష్మీకుమారే రోజూ దాన్ని మళ్ళీ నొక్కి అంటిస్తుంది. ఊడిపోతే తనే పీకేసిందంటారని.

మనుషులు రావడం మొదలైంది. అందరికీ నారింజ రంగు జాకెట్లు. ముందూ వెనకా తెల్లటి పెద్ద అంకెలు. కెమెరాలకు కనబడాలని నెల కిందట ఇచ్చారు. రెక్సిన్ లాంటి మందపు గుడ్డ. కొలిమి దగ్గర అది వేసుకుంటే ఒళ్ళు ఉడుకుతుంది.

"అత్తా, నా బిళ్ళకి పెళ్ళికూతురి ముస్తాబు సేసినావేటి?" అన్నాడు చినబాబు కిటికీలోంచి చెయ్యి చాపి.

"పెళ్ళికూతురికి మరకుంటాదేట్రా? సెయ్యి కడుక్కుని పట్టుకో."

"ఈ వైభోగం నెలాఖరుదాకే కదా. ఆ తరవాత మనల్ని కెమెరాలు సూసుకుంటాయంట. మాయమ్మ కూడా నన్ను అంతలా సూడలేదు."

వాడి వెనక నిలబడ్డ దుకాలూ పళ్ళు బయటపెట్టి నవ్వాడు. అతనిది ఈ ఊరి ఛత్తీస్‌గఢీ కుటుంబం. ఖుర్సీపార్‌ బస్తీలో తెలుగువాళ్ళ మధ్య పెరిగాడు గనక తెలుగు అంతా వచ్చు. "పన్నెండు కళ్ళు మౌసీ! మా ఇంటిదానికి రెండే. అవే జాస్తీ," అని ఇరవై మూడో బిళ్ళ తీసుకున్నాడు.

ఇద్దరూ మిల్లు వైపు వెళ్ళారు. లక్ష్మీకుమారి వాళ్ళ వీపుల వైపు చూస్తూ నిలబడింది. చినబాబు మునివేళ్ళ మీద నడుస్తాడు, నేల కాలుతున్నట్టు. దుకాలూ ఎడమ భుజం ఎప్పుడూ కిందికి జారి ఉంటుంది, అటు పక్క కావడి మోస్తున్నట్టు. స్తంభం చాటున ఇద్దరూ కనుమరుగయ్యాకే ఆమె తల తిప్పుకుంది. ఎవరు వెళ్తున్నా అంతే. పాలవాడు వెళ్తున్నా మలుపు తిరిగేదాకా చూస్తుంది.

ఎనిమిదింటికి సుప్రియ వచ్చింది. ఆ అమ్మాయి కెమెరాల కంపెనీ ఇంజనీరు. ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 4లో పెరిగింది, తండ్రి ఆ ప్లాంటులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. వైర్లన్నీ టోకెన్ రూము మీదుగా వచ్చాయి గనక మూడు వారాలుగా గదిలో సగం ఆమెది. బల్ల మీద రెండు తెరలు. వాటిలో షెడ్డు పన్నెండు ముక్కలుగా కనబడుతుంది. సెల్లార్ లోపల కెమెరా లేదు, దాని మెట్ల వరకే కనబడుతుంది. కదిలే ప్రతి మనిషి చుట్టూ ఒక పచ్చ గీతల పెట్టె, నెత్తిన ఒక నంబరు.

"ఆంటీ, మళ్ళీ జాకెట్ వేసుకోలేదా? చూడండి, మీ వల్ల సిస్టమ్ పరేషాన్ అవుతోంది," అంది సుప్రియ పొద్దుటి బొమ్మలు వెనక్కి తిప్పి చూపిస్తూ.

గేటు దగ్గర లక్ష్మీకుమారి నెత్తిన యాభై ఎనిమిది అని ఉంది. నీళ్ళ ట్యాంకు దగ్గర అరవై మూడు. షెడ్డు మలుపులో అరవై ఆరు. ఎండెక్కాక మళ్ళీ బయటికొచ్చి కొంగు తల మీద వేసుకోగానే డెబ్బై.

"పొద్దుట్నించీ నలుగుర్నైపోనానేటి?" అంది లక్ష్మీకుమారి. "అలగైతే నలుగురికీ టీ తెప్పించు మరి."

సుప్రియ నవ్వింది. "ఒక్కొక్కరికి ఒక ఐడీ ఇస్తుంది ఆంటీ. మూడో కెమెరాలోంచి పోయి నాలుగో కెమెరాలో వస్తే, అతనే ఇతను అని పట్టుకోవాలి. బట్టలు, రంగు, హైటు, జాకెట్ నంబరు, అన్నీ మిలాయించి చూస్తుంది. ఒకేసారి నలభై మందిని."

"మజ్జిలో స్తంభం అడ్డొస్తే?"

"వెయిట్ చేస్తుంది."

"ఎంతసేపు?"

"ముప్పై సెకన్లు. అప్పటికీ కనబడకపోతే వాళ్ళని తీసేస్తుంది. మళ్ళీ వస్తే కొత్త మనిషి కింద లెక్క."

"ముప్పై సెకన్లేటి!" అంది లక్ష్మీకుమారి. ఆమెకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుప్రియ కూడా నవ్వింది గాని ఎందుకో ఆ అమ్మాయికి తెలియదు.

ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఒక మంగళవారం ఆమె భర్త వెంకట్ దగ్గర్లోని కుమ్హారి ఊరికి వెళ్ళొస్తానన్నాడు. అక్కడ రెండు రోజుల వెల్డింగు పని ఉందన్నాడు. పవర్ హౌస్ బస్టాపులో ఆమే టిఫిను అందించి బస్సు ఎక్కించింది. ఎర్రచారల చొక్కా, చేతిలో వెల్డింగు అద్దం. మనిషి కిటికీలోంచి చెయ్యి ఊపాడు కూడా. మూడో రోజుకీ రాలేదు. కుమ్హారిలో ఆ పేరుగల మనిషి రానేలేదన్నారు. స్టేషన్లో పోలీసాయన ఆనవాళ్ళేమిటని అడిగాడు. "నడకండి. ఎడం పాదం బయటికి పడతాది," అంది. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. పోలీసాయన నడక మాట వదిలేసి పొడుగు, రంగు రాసుకున్నాడు.

ఎనిమిదేళ్ళ తర్వాత వార్డు ఆఫీసులో ఒక కాగితం ఇచ్చారు. భర్త చనిపోయాడని సంతకం పెడితే పింఛను వస్తుందన్నారు. మంచి మాటగానే చెప్పారు. నల్లపూసలు ఇంకా ఎందుకని పక్కింటివాళ్ళు కూడా మంచి మాటగానే అడిగారు. "పోనాడని నాను సూడలేదు. సూడంది రాయను," అని కాగితం తిరిగి ఇచ్చేసింది. దాని మీద మళ్ళీ ఎవరూ ఆమెతో వాదించలేదు. పవర్ హౌస్ బజారులో కూరలు కొంటున్నా ఇప్పటికీ ఆమె చూపు ముందుగా మగవాళ్ళ పాదాల మీదికే పోతుంది. మొహాలు ముసలివైపోతాయి, జుట్టు ఊడిపోతుంది. నడక అలాగే ఉంటుందని ఆమె నమ్మకం. షెడ్డులో నలభై మంది నడకలు ఆమెకు కంఠతా వచ్చింది ఆ వెతుకులాటలోనే.

పది దాటాక పంపు ఆగిపోయింది. సెల్లార్‌లో నూనె కారుతోందన్నారు. షెడ్డులో రోజంతా ఉండే హోరు ఒక్కసారిగా తగ్గిపోతే చెవులు బరువెక్కినట్టుంటుంది. చినబాబు, దుకాలూ పానాలు పట్టుకుని వచ్చారు. ఎవరి బిళ్ళ వాళ్ళు ఎర్రగీత కింద తగిలించారు. లక్ష్మీకుమారి తాళంచెవిని డబ్బాలో పెట్టి మూత వేసి, దాని మీద తన టిఫిను గిన్నె పెట్టింది.

"ఎంతసేపురా?"

"అరగంట అత్తా. బిగించీసి వచ్చీడమే."

"వచ్చీడమే కాదు. వచ్చి బిళ్ళ తియ్యాల. ఈ నెలలో రెండుసార్లు మరిసిపోనావు."

"తీస్తానే బాబూ. నా పెళ్ళాం కన్నా ఎక్కువ సతాయిస్తావు నువ్వు."

మెట్ల మీద వాళ్ళ బూట్ల చప్పుడు కొంతసేపు వినబడి ఆగిపోయింది.

పదకొండుంబావుకి షెడ్డు ఇన్‌ఛార్జి మురళీధర్ వచ్చాడు. విశాఖపట్నం మనిషి, నలభై ఏళ్ళుంటాయి. మర్యాద తెలిసినవాడే గాని చేతిలో రెండు ఫోన్లున్నప్పుడు మర్యాదకు తీరిక ఉండదు. తెల్ల హెల్మెట్ తీసి మెడ తుడుచుకున్నాడు.

"అమ్మా, తాళంచెవి ఇవ్వండి. పంపు ఆన్ చెయ్యాలి."

లక్ష్మీకుమారి బోర్డు వైపు చూపించింది. రెండు బిళ్ళలు.

"పనైపోయిందమ్మా. ఇద్దరూ బయటికొచ్చేశారు. ఏమ్మా సుప్రియా?"

సుప్రియ తెర వైపు చూసింది. "యెస్ సర్. సెల్లార్ జీరో. ట్వంటీ త్రీ పడమటి మెట్ల మీద బయటికొచ్చాడు. సెవెంటీన్ ఎనిమిదో కెమెరాలో ఉన్నాడు, స్టోరు దారిలో."

లక్ష్మీకుమారి కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసింది. నారింజ జాకెట్ మీద తెల్లటి పదిహేడు స్పష్టంగా ఉంది. మనిషి తలకీ మొహానికీ తడి గమ్ఛా తువ్వాలు చుట్టుకున్నాడు. ఎండకు అందరూ అలాగే చుట్టుకుంటారు. స్టోరు వైపు నడుస్తున్నాడు. ఎడమ భుజం కిందికి జారి ఉంది.

"ఆడు చినబాబు కాదు," అంది.

"పదిహేడని రాసుంది కదమ్మా."

"జాకెట్టు చినబాబుదే. అందులో ఉన్నోడు దుకాలూ. ఆ భుజం సూడండి. చినబాబైతే మునేళ్ళ మీద నడుస్తాడు."

మురళీధర్ సుప్రియ వైపు చూశాడు. సుప్రియ కీబోర్డు మీద వేళ్ళు ఆడించింది. "తొంభై ఒక్క శాతం మ్యాచ్ అంటోంది సర్."

"చూశారా? బిళ్ళలు తియ్యడం మర్చిపోయుంటారు. నెలకు నాలుగైదుసార్లు మర్చిపోతూనే ఉన్నారు. ఈ కెమెరాలు పెట్టింది అందుకే."

"మరిసిపోనోళ్ళని పిలిపించండి. ఆళ్ళ సేత్తో ఆళ్ళు తీస్తారు. అప్పుడిస్తాను."

"ఫర్నేస్‌లో సరుకు మాడిపోతోందమ్మా! నిమిషానికోసారి పైనుంచి ఫోను."

"పోనీ ఒక మనిషిని కిందికి పంపి సూపించండి."

"సిస్టమ్ జీరో అంటోంది. జీరోని చూడ్డానికి మనిషిని పంపితే ఇక సిస్టమ్ ఎందుకు?" మురళీధర్ గొంతు పెరిగింది. అందులో కోపం కన్నా భయం ఎక్కువుంది. ఫోను మళ్ళీ మోగింది. "రెండు నిమిషాలు సర్. లేదు సర్, టోకెన్ రూములో చిన్న ఆబ్జెక్షన్. అలాగే సర్." ఫోను దించి, "డూప్లికేట్ తాళం ఆఫీసులో ఉంది. తెప్పించమంటున్నారు. ఎందుకమ్మా ఇది? ఇంకో పదిరోజుల్లో మీ రూమే ఉండదు," అన్నాడు.

లక్ష్మీకుమారి టిఫిను గిన్నె పక్కకు పెట్టింది. డబ్బా తెరిచి తాళంచెవి తీసింది. మురళీధర్ చెయ్యి చాపాడు. ఆమె దాన్ని నడుము దగ్గర చీర మడతలో దోపుకుంది. తర్వాత మునివేళ్ళ మీద లేచి బోర్డు పైమూలనున్న ఒకటో నంబరు బిళ్ళను తీసి ఎర్రగీత కింద తగిలించింది. అలవాటు లేని మేకు. రెండోసారికి గాని పట్టలేదు.

"మూడు బిళ్ళలు," అంది. "ఆళ్ళున్నారో లేరో మీకు తెలీదు. నాను దిగుతున్నట్టు తెలుసు. నన్ను మీ కళ్ళారా సూస్తన్నారు. ఇంక తెచ్చుకోండి డూప్లికేటు."

"అమ్మా, ఆగండి!"

ఆమె ఆగలేదు.

మెట్లు ఇనుపవి, నిటారుగా ఉన్నాయి. కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ పిల్లల్లా రెండు పాదాలూ ఆనించి దిగింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. కింద గాలి లేదు. వేడి నూనె వాసన గొంతులో గడ్డలా అడ్డుపడింది. ఒక్క బల్బు వెలుగుతోంది. పద్దెనిమిదేళ్ళు మనుషుల్ని ఇక్కడికే పంపుతున్నానా అనుకుంది. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కూడా ఆగకుండా, "ఒరే చినబాబూ!" అని పిలిచింది. తన గొంతే గోడల్లోంచి తిరిగి వచ్చింది.

రెండో పంపు వెనక మొదట బూట్లు కనబడ్డాయి. చినబాబు బనీనుతో నేల మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. చెంప ఇనుప పలక మీద ఆని ఉంది. పెదాలు తెల్లగా ఎండిపోయాయి. ఒక చెయ్యి ముందుకు చాచి ఉంది. మోటారునూ పంపునూ కలిపే ఇరుసు మీది రేకు మూత రిపేరు కోసం విప్పి పక్కన పెట్టారు. వాడి వేళ్ళకూ ఆ ఇరుసుకూ మధ్య జానెడు కూడా లేదు. లక్ష్మీకుమారి ముందు ఆ చేతిని పట్టుకుని ఇవతలికి లాగింది. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి వేడిగా తగిలింది.

అప్పుడు పైకి చూసి అరిచింది. ఆ అరుపు ఆమెదని షెడ్డులో ఎవరూ అనుకోలేదట. వెంకట్ వెళ్ళిపోయినప్పుడు కూడా ఆమె అలా అరవలేదు.

దుకాలూ స్టోరు దారిలోంచి పరిగెత్తుకొచ్చాడు, పదిహేడో జాకెట్‌తోనే. ఇంకొకరి సాయంతో చినబాబును మోసుకుని పైకి తెచ్చి టోకెన్ రూము ఫ్యాను కింద పడుకోబెట్టారు. దుకాలూ ఏడుస్తూనే చెప్పాడు. లీకు బిగించారు. బిగిస్తున్నప్పుడు నూనె చిమ్మి తన జాకెట్ తడిసిపోయింది. ఒలికిన నూనె తుడవడానికి స్టోరు నుంచి గుడ్డలు తేవాలి. జాకెట్ లేకపోతే స్టోరు గార్డు లోపలికి రానివ్వడు. చినబాబు ఉక్కకు తట్టుకోలేక తన జాకెట్ విప్పి పైపు మీద పడేస్తే, అది భుజాన వేసుకుని పైకి వచ్చాడు. స్తంభం చాటున తన తడి జాకెట్ విప్పి, అది తొడుక్కున్నాడు. అయిదు నిమిషాల్లో మళ్ళీ దిగుతాను కదా అని బిళ్ళ తియ్యలేదు.

"నేను వచ్చేటప్పుడు బాగున్నాడు మౌసీ. జోకులు వేశాడు," అని తల బాదుకున్నాడు.

లక్ష్మీకుమారి తన గిన్నెలోని పల్చటి మజ్జిగ చినబాబు పెదాల మీద కొంచెం కొంచెంగా పోసింది. ఒంటి మీద నీళ్ళు చల్లింది. చాలాసేపటికి వాడు కళ్ళు తెరిచాడు. వెక్కిరించడానికి ఏదో వెతుక్కుంటున్నట్టు పెదాలు కదిపాడు. 

"తరవాత మాటాడుదువు గాని," అంది. "ముందు నీ బిళ్ళ తియ్యి. నీ సేత్తోనే."

దుకాలూ ఆనుకోనిచ్చి లేవదీశాడు. చినబాబు పదిహేడో బిళ్ళ తీసి పిడికిట్లో పెట్టుకున్నాడు. దుకాలూ తన ఇరవై మూడు తీసుకున్నాడు. లక్ష్మీకుమారి నడుము మడతలోంచి తాళంచెవి తీసి, ఎప్పటి అలవాటు ప్రకారం డబ్బాలో పెట్టి, మళ్ళీ చినబాబు మీదికి వంగింది.

కాసేపటికి అరికాళ్ళ కింద నేల అదిరింది. హోరు మళ్ళీ మొదలైంది. ఆమె తలెత్తి చూసింది. డబ్బా మూత తెరిచి ఉంది. తాళంచెవి లేదు. బోర్డు మీద, ఎర్రగీత కింద, ఒకటో నంబరు బిళ్ళ వేలాడుతోంది. అది అక్కడుండగానే పంపు తిప్పేశారు. బోర్డు వైపు ఎవరూ చూడలేదు.

ఆమె లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. చెయ్యి ఎత్తింది. మళ్ళీ దించేసింది.

ఒంటిగంటకి చినబాబును దుకాలూ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆటో గేటు దాటేదాకా ఆమె కిటికీ దగ్గరే నిలబడింది. ఒంటిగంటన్నరకి మురళీధర్ రెండు కాగితాలతో వచ్చాడు. ఈసారి ఫోన్లు జేబులో ఉన్నాయి. స్టూలు లాక్కుని ఆమె ఎదుట కూర్చున్నాడు.

"మీ వల్ల ఒక ప్రాణం నిలబడిందమ్మా. నేను కాదనను. నాకు తెలుసు."

"ఆ కాగితమేటి బాబూ?"

"రిపోర్టు. హిందీలో ఉంది, చదువుతాను." గొంతు సవరించుకున్నాడు. కెమెరా వ్యవస్థ తేడా ఉన్నట్టు చూపించింది. అది చూసి టోకెన్ రూము ఉద్యోగిని సెల్లార్ తనిఖీ చేసింది. కార్మికులు జాకెట్లు మార్చుకోవడం క్రమశిక్షణ లోపం. అంతే. "కింద సంతకం పెట్టండి. నెలాఖరు తర్వాత కూడా మీకు ఇక్కడే పని. సుప్రియ వాళ్ళు వెళ్ళిపోయాక తెరల ముందు కూర్చోవడమే."

"రెండోది?"

మురళీధర్ దాన్ని చదవలేదు. "మీరు ఇరవై ఆరు నిమిషాలు పంపు ఆపారని. తాళం ఇవ్వలేదని. అది పెడితే కాంట్రాక్టరు మిమ్మల్ని రేపట్నుంచి రావద్దంటాడు."

"కెమెరా తేడా సూపించిందా?"

అతను మొదటి కాగితాన్ని ఆమె వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు.

"మీరే కదండీ, జీరో అన్నారు."

"ఇలాంటివి ఇంకో మూడు షెడ్లలో పెట్టబోతున్నారమ్మా. మొదటి నెల్లోనే తప్పు చూసిందని రాస్తే పైవాళ్ళు ఊరుకోరు."

"తప్పు సూసింది కదా?"

"చూసింది."

"అయితే అదే రాయండి." ఆమె మొదటి కాగితాన్ని వేలితో అతని వైపు జరిపింది. "ఆ మూడు షెడ్లలోనూ సెల్లార్లుంటాయి. ఆటిల్లోకీ ఎవరో ఒకరు దిగుతారు. కెమెరా సూపించనిది సూపించిందని నాను రాయను. నా మొగుడు పోనాడనే రాయలేదు బాబూ, ఇదేటి రాస్తాను? ఆ రెండో కాగితం ఇలగియ్యండి. తాళం ఇవ్వలేదన్నది నిజమే. దాని మీద పెడతాను."

పెన్ను తీసుకుని రెండో కాగితం మీద తెలుగులో పూర్తి పేరు రాసింది. అక్షరాలు పెద్దవిగా, ఒకదానికొకటి దూరంగా పడ్డాయి. మురళీధర్ ఆ కాగితాన్ని మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మొదటి కాగితం బల్ల మీదే ఉంది. దాని అడుగున సుప్రియ సంతకం అప్పటికే ఉంది. ఆ అమ్మాయి తెర మీంచి కళ్ళు ఎత్తలేదు.

"ఆంటీ," అంది చివరికి, హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చి. "మీరు కింద ఉన్నారు కదా... ముప్పై సెకన్లు కనబడలేదని మిమ్మల్నీ తీసేసింది. అప్పుడు కూడా జీరోయే చూపించింది. నేను చూస్తూనే ఉన్నాను. జీరోయే."

"నీకు తెలుసు కదా. సాలు." లక్ష్మీకుమారి టిఫిను గిన్నె కడిగి సంచిలో పెట్టుకుంది. "ముప్పై సెకన్లు సాలవని రాసుకో అమ్మా. ఈ కాగితం మీద కాకపోతే ఇంకెక్కడన్నా రాసుకో."

రెండు గంటల సైరన్ మోగింది. మనుషులు బిళ్ళలు తిరిగి ఇచ్చేసి వెళ్ళారు. ఆమె ఒక్కొక్కటీ తుడిచి ట్రేలో వరుసగా పేర్చింది. చినబాబుదీ దుకాలూదీ వాళ్ళతోనే వెళ్ళాయి. చింతపండు డబ్బా కిటికీలో వదిలేసింది. ఊడిన కాగితం మూలను ఈసారి నొక్కలేదు.

"ఆంటీ, మీ టోకెన్," అంది సుప్రియ బోర్డు వైపు చూపించి. "కిందే ఉండిపోయింది."

"ఉండనీ."

"తీసి ఇవ్వనా?"

"ముట్టుకోకు. ఒకరి దాని మీద ఇంకొకరి సెయ్యి పడకూడదు. నా సేత్తో నానే తియ్యాల."

"ఎప్పుడు తీస్తారు?"

లక్ష్మీకుమారి సంచి భుజానికి తగిలించుకుంది. "ఎల్లొస్తానమ్మా," అంది.

బయట ఎండ కళ్ళలో గుచ్చుకుంటోంది. ఆమె కొంగు తల మీద వేసుకోలేదు. నాలుగో కెమెరాలో ఆమె నెత్తిన డెబ్బై ఒకటి అని నంబరు పడింది. నీళ్ళ ట్యాంకు దగ్గర తొమ్మిదో కెమెరాలోనూ అదే నంబరు. గేటు దగ్గర పన్నెండో కెమెరాలోనూ అదే. పొద్దుట్నించీ మొదటిసారి ఆమె ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకే మనిషిగా నడిచింది. సుప్రియ తెర మీదికి వంగి ఆ నడకను చూసింది. కుడి మోకాలు కొంచెం ఆలస్యంగా వంగుతుంది. మూడు వారాలుగా పక్కనే కూర్చున్నా ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. గేటు దాటాక ఖాళీ రోడ్డు మిగిలింది. సుప్రియ చూస్తూనే ఉంది. ముప్పై సెకన్లకు డెబ్బై ఒకటి తెర మీంచి చెరిగిపోయింది.

మూడింటికి మురళీధర్ గదిలోకి వచ్చాడు. మిల్లును ఒకసారి ఆపి మళ్ళీ నడపాలట, తాళంచెవి కావాలి. డబ్బా వైపు వెళ్తూ బోర్డు ముందు ఆగిపోయాడు. చెయ్యి మేకు దాకా వెళ్ళి, గాలిలో కొంతసేపు అలాగే ఉండి, వెనక్కి వచ్చింది. పక్కనున్న తెర మీద సెల్లార్ అన్న మాటకు ఎదురుగా సున్నా వెలుగుతోంది. ఎర్రగీత కింద, నేల అదురుకు సన్నగా ఊగుతూ, చింతపండుతో తోమిన ఒకటో నంబరు బిళ్ళ వేలాడుతోంది.